నడవ నీలం

మా కొట్లో ఒక రంగుంది. పేరు నడవ నీలం. బరంపురంలో ఏ పట్టుచీరల కొట్టుకెళ్ళినా నెమలికంఠం అడగొచ్చు, నేరేడుపండు రంగు అడగొచ్చు, తీసి చూపిస్తారు. నడవ నీలం అడిగితే మాత్రం మా కొట్టు వైపు వేలు చూపిస్తారు. ఆ పేరు నేను పెట్టిందే. ఆ రంగు నేను దొంగిలించిందే, ఒక ఇటలీ సినిమాలోంచి.

నా పెళ్ళయిన కొత్తలో మా ఆయన ఊళ్ళో ఫిల్మ్ క్లబ్బు మెంబరు. తరాలుగా బట్టల వ్యాపారం చేస్తున్న ఇంట్లో పుట్టి, బేరం చెయ్యడం తప్ప మిగతావన్నీ నేర్చుకున్న మనిషి. ఒక ఆదివారం సాయంత్రం కాలేజీ హాల్లో వేస్తున్న ఆటకి నన్ను వెంటబెట్టుకెళ్ళారు. పాటల్లేవు, ఫైటింగుల్లేవు. ఒకావిడ పాతకాలపు పెద్ద ఇంట్లో ఎవరినో వెతుక్కుంటూ తలుపులు తీసుకుంటూ పోతుంది, అంతే. ఎవరిని వెతుకుతోందో నాకు ఇప్పటికీ సరిగ్గా తెలియదు. నా పక్కనున్నాయన గుర్రు పెడుతున్నాడు. నాకూ రెప్పలు వాలిపోతున్నాయి. అంతలో ఆవిడ ఒక తలుపు తీసి పొడవాటి నడవలోకి అడుగుపెట్టింది. వరసగా కిటికీలు. వాటిలోంచి నీలం.

అది ఆకాశం నీలం కాదు, సిరా నీలం కాదు. చీకటి పడబోతూ ఇంకా పడని వేళ గోపాల్‌పూర్ సముద్రం మీద కాసేపు నిలబడే నీలం. అడుగున ఎక్కడో కాస్త ఎరుపు దాక్కున్న నీలం. ఆవిడ ఒంటి మీద పసుపుకొమ్ము రంగు కోటు. ఆ రెండు రంగులూ పక్కపక్కన నడుస్తుంటే నాకు నిద్ర వదిలిపోయింది. ఆ సినిమాలోని రంగుల్ని ప్రపంచంలో ఎంతమంది సినిమావాళ్ళు, ప్రకటనలవాళ్ళు కాపీ కొట్టారో మా ఆయన గంటసేపు చెప్పగలరు. నేను గోపురాల వరసలా ఉండే మా కుంభం అంచు చీర మీదికి కాపీ కొట్టానన్న సంగతి ఆ గంటలో రాదు.

తర్వాత ఎప్పుడో మా ఆయన ఆ సినిమా వీడియో క్యాసెట్టు సంపాదించారు. నేను నడవ దగ్గర ఆపమనేదాన్ని. టీవీలో బొమ్మ వణుకుతూ ఆగేది. రంగు వేసిన పట్టుదారం చిలపని, ఆ చిన్న దారపు కట్టని, టీవీ అద్దానికి ఆనించి చూసేదాన్ని. ఇంకొంచెం ఎరుపు పడాలి అని రంగు వేసేవాళ్ళకి తిప్పి పంపేదాన్ని. అలా తిప్పి తిప్పి సాధించాను. మొదటి చీర మగ్గం దిగాక మా అత్తగారు దాన్ని పట్టుకుని గుమ్మంలోకి నడిచారు.

ఈ గుమ్మం సంగతి చెప్పాలి. మా కొట్లో ఏ చీరా గుమ్మం దాటి పగటి వెలుగు చూడకుండా పొట్లం కాకూడదు. అది మా అత్తగారి శాసనం. ట్యూబులైటు కింద రంగు నమ్మితే కొంప మునుగుతుందనేవారు. ఆవిడ చివరి ఏళ్ళలో దానికి ఇంకో ముక్క కూడా కలిసింది. కొనేవాళ్ళని గుమ్మంలో నిలబెట్టి, చీర మడత విప్పి, "ఏ రంగమ్మా ఇది? నోరారా సెప్పు" అని అడిగేవారు. వాళ్ళు చెప్పాకే మడత పెట్టేవారు. అది ఆవిడ వ్యాపారం తెలివి అనుకున్నాను నేను. తన నోటితో రంగు పేరు చెప్పిన మనిషి మర్నాడు రంగు వేరని తిరిగి రాదు కదా. ఆవిడ పోయాక ఆ గద్దె మీద నేను కూర్చున్నాను. గుమ్మం ఉంచాను గానీ ప్రశ్న తీసేశాను. నా కళ్ళుండగా ఇంకొకరిని అడగడం నాకు నామోషీ. ఏ రంగో నేనే చెప్పేదాన్ని.

ఆ కళ్ళకే పోయినేడు వానాకాలంలో ఏదో అయింది.

మొదట పాలు పచ్చగా కనబడ్డాయి. పాలవాడితో పోట్లాడాను. తెల్లచీరలన్నీ పాతబడిపోయినట్టున్నాయని గుమాస్తాని కసిరాను. ఒకరోజు ఎవరో నెమలికంఠం అడిగితే నల్లచీర తీసి పరిచాను. గుమాస్తా దాన్ని పక్కకి జరిపి వేరేది పరిచాడు. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు. మా మేనత్తకి వెనకటి రోజుల్లో కంట్లో పొర తీస్తామని కోసి, ఆ కన్నే లేకుండా చేశారు. ఆవిడ ఆ కంటి మీద కొంగు కప్పుకుని మాట్లాడటం చూస్తూ పెరిగినదాన్ని. డాక్టరు అన్న మాట వింటే నాకు ముందు ఆ కొంగే గుర్తొస్తుంది. అందుకని ఎవరికీ చెప్పలేదు. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు రోజులు నెట్టుకొచ్చాను.

సరిగ్గా ఆ రోజుల్లోనే సముద్రం ఒడ్డునున్న సోనేపూర్ నుంచి ఆర్డరు వచ్చింది. ఎండుచేపల వ్యాపారం చేసే ఆవిడ. పుట్టింటి నాటి నుంచీ మా కొట్టు ఖాతాదారు. కూతురి పెళ్ళి. పిన్నులూ మేనత్తలూ వదినలూ అందరూ ఒకే రంగు చీరలు కట్టుకుని పెళ్ళిలో నిలబడాలట, ఇప్పుడు అదో ముచ్చట. ఆ ఒకే రంగు నడవ నీలం కావాలని పెళ్ళికూతురు పట్టుబట్టింది. వాళ్ళమ్మ పెళ్ళి ఫోటోలో ఎవరో ఆ చీర కట్టుకున్నారట. మా దగ్గర తయారుగా అన్ని లేవు. మగ్గాల మీద వేయించాలి. రంగు వేసేవాళ్ళు మూడు చిలపలు పంపారు, మూడూ మూడు ఛాయలు, ఏదో ఒకటి నేను ఖాయం చేస్తే మొత్తం దారానికి ఆ రంగు ముంచి పడుగు వేస్తారు. పడుగు వేశాక ఇక వెనక్కి లేదు.

చిలపలు గుమ్మంలోకి తీసుకెళ్ళి చూశాను. మూడూ ఒక్కలాగే ఉన్నాయి. మబ్బు పట్టిందనుకున్నాను. ఎండ వచ్చాక మళ్ళీ చూశాను. మూడూ నానబెట్టిన చింతపండు రంగులో, కాస్త నల్లగా, ఒకే తల్లి పిల్లల్లా ఉన్నాయి. రేపు చెబుతానని కబురు పంపాను. మర్నాడూ అదే కబురు పంపాను. మగ్గం ఖాళీగా ఉందని అక్కడి నుంచి ఫోను మీద ఫోను. తప్పు రంగు ఖాయం చేస్తే ఒక ఇంటిల్లిపాది ఆడవాళ్ళు పెళ్ళిపందిట్లో తప్పు రంగులో నిలబడతారు. ఊరంతా చూస్తారు, ఫోటోల్లో ఎప్పటికీ ఉండిపోతారు. మా కొట్టు పేరు ఆ ఫోటోల్లోనే మాసిపోతుంది.

అలాంటి సమయంలో మా ఆయన ఒక పార్సిలు చంకలో పెట్టుకుని పెళ్ళికొడుకులా ఇంటికొచ్చారు. ఆ సినిమా కొత్త డిస్కు. పాత నెగెటివ్ వెతికి తీసి, ఒక్కో బొమ్మా దుమ్ము తుడిచి, గీతలు మాన్పి, ఇప్పుడు ఇళ్ళల్లో చూసుకునేలా బ్లూ-రే వేశారట. నెలల తరబడి దాని కోసం ఎదురుచూశారు. పెట్టెలో చిన్న పుస్తకం కూడా ఉంది. దాన్ని ఆయన భోజనం దగ్గర చదివి వినిపించారు. అప్పట్లో ఆ సినిమాకి కెమెరా పట్టినాయన ఇంకా ఉన్నాడు, బాగా ముసలాయన, ఆయనే దగ్గర కూర్చుని ఒక్కో సన్నివేశానికీ రంగులు సరిచూసి సరేనన్నాడు, అని అందులో రాశారట.

నాకు ప్రాణం లేచొచ్చింది. నడవ నీలానికి మూలం అదే. చిలపలు టీవీకి ఆనించి చూస్తే ఏది సరైనదో తేలిపోతుంది, ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు. చిలపలు మూడూ కొంగులో పెట్టుకుని కూర్చున్నాను. మా ఆయన లైటు తీశారు. ఆవిడ తలుపులు తీసుకుంటూ వెళ్ళింది. నడవ వచ్చింది.

నీలం లేదు. మట్టిగోడలకి కిటికీల్లోంచి గంజి పోసినట్టుంది. పసుపు కోటు మాత్రం భేషుగ్గా ఉంది. నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఏటండీ ఇది? ఇంత డబ్బు పోసి తెప్పించింది దీనికా? తుడిసి తుడిసి రంగంతా తుడిసేశారు."

మా ఆయన బొమ్మ ఆపారు. టీవీ వైపు చూశారు, నా వైపు చూశారు. "ఏటి మాటలే అవి. హాల్లో సూసినప్పుడు కూడా ఇంత నీలం నేదు."

నేను ఊరుకోలేదు. ఆ ముసలాయన చేత పాస్ చేయిస్తే ఇలాగే ఉంటుంది, ఆ వయసులో ఆయనకి కళ్ళేం కనబడతాయి, పక్కనున్నవాళ్ళు మొహమాటానికి తలూపి ఉంటారు, వాపసు పంపించెయ్యండి అని తిట్టాను. తిడుతూనే ఉన్నాను గాని నా మాట నాకే చల్లగా తగిలింది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, కంటి తప్పు తీసి డిస్కు నెత్తిన పెడుతున్నానని ఆ క్షణంలోనే తెలిసిపోయింది. కొంగులో చిలపల్ని గట్టిగా పట్టుకున్నాను.

మా ఆయన లైటు వేశారు. టీవీ ఆపలేదు. నా పక్కన కూర్చుని, మెల్లిగా అడిగారు.

"ఎన్నాళ్ళయింది?"

నేను లేచి వంటింట్లోకి వెళ్ళిపోయాను. ఆయన వెనక రాలేదు. రాకపోవడం మేలైంది. వచ్చి ఉంటే ఏడ్చేదాన్ని. మర్నాడు పొద్దున లేస్తూనే ఆయన కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్దామన్నారు. పెళ్ళి ఆర్డరు తేలే దాకా ఆ ఊసెత్తితే నా మీద ఒట్టే అన్నాను. చిలపలు నేను చూసి ఖాయం చేస్తానులే అన్నారాయన. నాకు నవ్వొచ్చింది. మెరూనుకీ వంకాయ రంగుకీ తేడా తెలియక రెండుసార్లు నిశ్చయ తాంబూలాల చీరలు మార్చి పంపిన మనిషి. ఆయనకి సినిమాలో రంగులు కనబడతాయి గాని చీరలో కనబడవు, అదేం మాయో.

ఆ మధ్యాహ్నమే సోనేపూర్ ఆవిడ తనే బస్సెక్కి వచ్చేసింది. మగ్గం వాళ్ళు ఆవిడకి కూడా ఫోను చేశారట, మీ రంగు ఇంకా ఖాయం కాలేదని. భుజాన సంచి, మొహమంతా చెమట. కూర్చోమన్నా కూర్చోలేదు. పెళ్ళి దగ్గర పడుతోంది, చీరలు అందుతాయా అందవా, ఒక మాట చెప్పమంది. కోపంగా లేదు. భయపడుతోంది. ఆ భయం చూస్తే నా భయం రెట్టింపైంది. గుమాస్తా అటు తిరిగి మడత పెట్టిన చీరనే మళ్ళీ మడత పెడుతున్నాడు.

ఇక దాటవేసే దారి లేదు. చిలపలు తీసుకుని ఆవిడని గుమ్మంలోకి పిలిచాను. మూడూ గుమ్మం మెట్టు మీద వరసగా పెట్టాను. మబ్బు విడిచి ఎండ బాగానే కాస్తోంది. నాకు మాత్రం మూడు నల్లటి కట్టలు. అప్పుడు ఒక ఉపాయం తట్టింది. ఇన్నేళ్ళుగా నేను వదిలేసిన ప్రశ్న ఉందిగా. వ్యాపారం మర్యాదలా అడిగి, ఆవిడ నోటితోనే తేల్చుకుంటే సరిపోతుంది. గొంతు సవరించుకుని అడిగాను.

"ఏ రంగమ్మా ఇవి? నోరారా సెప్పు."

ఆవిడ చిలపల వైపు చూడలేదు. నా మొహంలోకి చూసింది. తర్వాత నా చెయ్యి పట్టుకుంది. ఉప్పూ ఎండా కలిసి గరుకైన చెయ్యి.

"మీకూ ఒచ్చిందా అమ్మా?"

ఏమిటని అడిగాను.

"పెద్దమ్మగారికి కనబడేది కాదు కదా, అదే. మా యమ్మ మాకు సెప్పీది. ఆవిడ రంగడిగితే యేళాకోలం ఆడకండే, ఉన్నది ఉన్నట్టు సెప్పండి, ఆవిడకి మన కళ్ళే కళ్ళు, అనీది. మా పేటంతా ఎరుగుదుం."

నేను గుమ్మం పట్టుకుని మెట్టు మీద కూర్చుండిపోయాను. బొడొబజార్ రోడ్డు మీద ఆటోలు పోతూనే ఉన్నాయి. మా అత్తగారికి కళ్ళు కనబడవని సోనేపూర్ పేటకంతా తెలుసు. అదే ఇంట్లో, అదే గద్దె పక్కన, రోజంతా ఆవిడ మోచెయ్యి తగిలేంత దగ్గర కూర్చున్న నాకు తెలియదు. ఆవిడ ఇంట్లో గోడ పట్టుకుని నడిస్తే మోకాళ్ళ నొప్పులనుకున్నాను. చీర అంచుని వేలితో తడుముతూ ఉంటే ప్రేమ అనుకున్నాను. నోరారా సెప్పు అంటే తెలివి అనుకున్నాను. ఆవిడ కూడా ఎవరికీ చెప్పలేదు. మా మేనత్త కొంగు కథ నేనే కాపురానికొచ్చిన కొత్తలో ఆవిడకి చెప్పాను. అది విన్నాక ఆవిడకీ నాలాగే భయం పట్టుకుందేమో, అడుగుదామన్నా ఇప్పుడు లేరు. నాకు సిగ్గేసింది. కోపమొచ్చింది, ఎవరి మీదో తెలియలేదు.

సోనేపూర్ ఆవిడ నా పక్కనే మెట్టు మీద కూర్చుని చిలపలు ఒక్కొక్కటే చేతిలోకి తీసుకుంది. ఒకటి మరీ నలుపంది. ఇంకోటి వంకాయలోకి పోతోందంది. మూడోది ఎత్తి ఎండలో అటూ ఇటూ తిప్పింది.

"పొద్దుగూకినాక దరి మీంచి సూస్తే కనబడతాది కదమ్మా, పడవలు రాకముందు. ఆ రంగు ఇది."

అదే అని చెప్పాను. ఆ చిలపే ఖాయం చేశాను. నా కళ్ళ సంగతి మగ్గం వాళ్ళకి చెప్పనా అని ఆవిడే అడిగితే, చెప్పు, దాచేదేముంది అన్నాను. ఆ మాట దాకా రావడానికి నాకు నెలలు పట్టింది, అనడానికి మాత్రం రెప్పపాటు పట్టలేదు. ఒరియాలో 'హఉ', అంటే సరేనని, తలూపి, టీ తాగి, సాయంత్రం బస్సుకి ఆవిడ వెళ్ళిపోయింది. గుమాస్తా అప్పుడు మడత పెట్టడం ఆపాడు.

ఆ వారమే డాక్టరు దగ్గరికి వెళ్ళాను. రెండు కళ్ళలోనూ శుక్లాలు, బాగా ముదిరాయి, పచ్చటి అద్దంలోంచి చూస్తున్నట్టే మీరు ఇన్నాళ్ళూ చూస్తున్నది అన్నాడాయన. ముందు కుడి కన్ను చేస్తామన్నాడు. బల్ల మీద పడుకోబెట్టినప్పుడు నాకు తెలిసిన దేవుళ్ళు చాలక మా ఆయనకి తెలిసినవాళ్ళకి కూడా మొక్కాను. మేనత్త కొంగు కళ్ళ ముందు ఆడుతూనే ఉంది. నొప్పేమీ లేదు. కట్టు విప్పేదాకా మాత్రం మా ఇంటికి నేనే ఒక చీకటిగది. ఎవరు పలకరించినా కసిరేదాన్ని. కన్ను పోయిందని లోపల ఖాయం చేసుకున్నాను, బయటికి చెప్పడమే తరువాయి.

కట్టు విప్పారు. ఎదురుగా నర్సమ్మ తెల్లచీర. ఎంత తెలుపో. నీలిమందు ముంచి ఉతికినట్టున్న తెలుపు. పాలవాడికి మనసులోనే క్షమాపణ చెప్పుకున్నాను.

పెళ్ళి చీరలు మగ్గం దిగి వచ్చాయి. ఒకదాన్ని గుమ్మంలోకి తీసుకెళ్ళి కుడి కంటితో చూశాను. అడుగున దాక్కున్న ఆ కాస్త ఎరుపు కూడా ఉంది. ఇంతకాలం నేను టీవీ అద్దానికి చిలపలు ఆనించి సాధించిన దానికన్నా బాగుంది. ఒప్పుకోవడం కాస్త కష్టంగానే ఉంది.

ఆ రాత్రి మా ఆయన్ని డిస్కు మళ్ళీ వెయ్యమన్నాను. ఆయన అనుమానంగా చూసి వేశారు. సినిమాలో ఆవిడ తలుపు తీసింది. ఎడమ కన్ను మూసుకున్నాను. నడవంతా నీలం నిండిపోయింది. అది గది లోపలికి పొర్లి మా గోడ మీద పడింది, మా ఆయన తెల్లజుట్టు మీద పడింది. కుడి కన్ను మూసుకుని ఎడమతో చూశాను. చింతపండు నీళ్ళు. మళ్ళీ కుడి. మళ్ళీ నీలం. ఎక్కడో ఇటలీలో ఒక ముసలాయన కుర్చీలో కూర్చుని ఈ నీలాన్ని సరేనన్నాడు. ఆయనకి నిజంగా కనబడిందో, పక్కన కూర్చున్న వాళ్ళెవరో ఆయన చెవిలో ఉన్నది ఉన్నట్టు చెప్పారో. ఎవరైనా చెప్పి ఉంటే వాళ్ళు పుణ్యాత్ములు.

అప్పుడు నాకు మా అత్తగారి ఆఖరి రోజులు గుర్తొచ్చాయి. మంచం మీద ఉన్నారు. మందు తాగించడానికి వంగితే నా చీర కొంగు వేళ్ళతో పట్టుకున్నారు. అంచు వెంట తడుముకుంటూ వెళ్ళి, కుంభాల దగ్గర ఆగారు.

"ఏ రంగే ఇది? నోరారా సెప్పు."

కొట్లో అలవాటు మంచం మీదికి కూడా తెచ్చుకున్నారని నాకు నవ్వొచ్చింది. సరదాకి, మీరే చెప్పండి అత్తా అన్నాను. ఆవిడ అంచుని ఇంకోసారి తడిమారు.

"నీలవే అయ్యుంటాదిలే. నీకు నీలవంటే పేణం కదా."

అవునన్నట్టు నవ్వి, మందు తాగించాను. ఆ రోజు నేను కట్టుకున్నది ఎర్రచీర.